జూన్‌లో వచ్చింది జూలైలో ఎందుకు రాదు: బార్ పరీక్ష టెన్షన్ గురించి

అమెరికాలో లాయరు లైసెన్సు కోసం రాసే బార్ పరీక్షకి చదివేవాళ్ల నోట ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది: "జూన్‌లో వచ్చినవి కూడా ఇప్పుడు రావడం లేదు." జూలై మొదట్లో, పరీక్షకి మూడు వారాలుందనగా ఈ మాట మొదలవుతుంది. కాంట్రాక్ట్స్‌లో నెల కింద పదికి ఏడు సరిగ్గా పెట్టిన మనిషికి ఇప్పుడు అయిదు కూడా రావు. అప్పుడు గడగడా చెప్పిన రూలు ఇప్పుడు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది. ఆ దిగులుతో రాత్రి నిద్ర పట్టదు, నిద్ర లేనందుకు మర్నాడు ఇంకో రెండు తప్పుతాయి, ఆ తప్పులు చూసి దిగులు ఇంకాస్త పెరుగుతుంది.

పరీక్ష కష్టం కాబట్టి టెన్షన్ అని చాలామంది సరిపెట్టుకుంటారు. కష్టమే, కాదనడానికి లేదు. కానీ అదొక్కటే అయితే బాగా చదివినవాళ్లకి టెన్షన్ తగ్గాలి కదా, తగ్గదు. చదువు బాగా సాగుతున్నప్పుడు కూడా సాగడం లేదనిపించేలా ఈ పరీక్షా, దాని చుట్టూ అల్లుకున్న ప్రెపరేషనూ ఉన్నాయి. ఎంతవరకు వచ్చామో తెలుసుకోవడానికి మనిషి చూసుకునే గుర్తులు మూడు: మార్కుల శాతం, కూర్చున్న గంటలు, గుర్తున్నట్టు అనిపించడం. పరీక్షకి చదివే పది వారాల్లో ఆ మూడూ తప్పుదారి పట్టిస్తాయి. టెన్షన్‌లో పెద్ద వాటా అక్కడినుంచే వస్తుంది.

ముందు పరీక్ష ఎలా ఉంటుందో చూడాలి. ఎక్కువ రాష్ట్రాలు వాడుతూ వచ్చిన యూనిఫామ్ బార్ ఎగ్జామ్ 2 రోజులు, 12 గంటలు. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి చివర ఒకసారి, జూలై చివర ఒకసారి పెడతారు. మంగళవారం రాత పరీక్ష: అరగంట చొప్పున 6 వ్యాసాలు, గంటన్నర చొప్పున 2 పెర్ఫార్మెన్స్ టెస్టులు. పెర్ఫార్మెన్స్ టెస్టు అంటే ఒక కేసు ఫైలు, దానికి కావలసిన చట్టం చేతికిచ్చి ఆఫీసులో జూనియర్‌తో రాయించినట్టు మెమో రాయమనడం. బుధవారం మల్టీస్టేట్ బార్ ఎగ్జామ్, పొద్దున 100 బిట్లు, మధ్యాహ్నం 100. లెక్క వేస్తే ఒక్కో బిట్టుకి 1 నిమిషం 48 సెకన్లు. సివిల్ ప్రొసీజర్, రాజ్యాంగం, కాంట్రాక్ట్స్, క్రిమినల్, ఎవిడెన్స్, రియల్ ప్రాపర్టీ, టార్ట్స్ అని ఏడు సబ్జెక్టులు. వ్యాసాల్లో వీటికి తోడు కుటుంబ చట్టం, వీలునామాలు, ట్రస్టులు, కంపెనీలు, భాగస్వామ్యాలు కూడా ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చారు. అన్నీ పుస్తకం మూసి రాయాల్సినవే. 2026 జూలై నుంచి కొన్ని రాష్ట్రాల్లో దీని స్థానంలో నెక్స్ట్‌జెన్ అనే కొత్త పరీక్ష వస్తోంది, అది 9 గంటలు, కంఠస్థం పట్టాల్సింది కొంత తక్కువ. అంత సిలబస్సుని నోటికి పట్టించడం మీద ఏళ్లుగా వచ్చిన విమర్శలకి అది కొంతవరకు జవాబు.

లా స్కూల్ మూడేళ్లలో నేర్పేది ఇది కాదు. అక్కడ ఒక కేసు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూడటం నేర్పుతారు, జవాబు కన్నా వాదన ముఖ్యం, చాలా పరీక్షలకి సొంత నోట్సు కూడా తీసుకెళ్లనిస్తారు. బార్ పరీక్ష దగ్గరికొచ్చేసరికి ఆ అలవాటే అడ్డం పడుతుంది. ఇక్కడ లోతు కన్నా వెడల్పు కావాలి. వేలకొద్దీ చిన్న చిన్న రూళ్లు, వాటికి మినహాయింపులు, ఆ మినహాయింపులకి మళ్లీ మినహాయింపులు. ఒకదాన్ని పూర్తిగా పట్టుకున్నామన్న తృప్తి రాకముందే ఇంకో సబ్జెక్టుకి వెళ్లిపోవాలి. తరగతిలో ముందుండేవాళ్లకి ఇది మరీ ఇబ్బంది, ఎందుకంటే అర్థమయ్యేదాకా వదలని పట్టుదలే వాళ్లని ఇంతదూరం తీసుకొచ్చింది. ఇప్పుడు దాన్నే కొంచెం పక్కన పెట్టమంటే చేతులు కట్టేసినట్టు ఉంటుంది.

ఇక మార్కులు. మల్టీస్టేట్ బిట్లలో స్థూలంగా 60 శాతం దగ్గర సరిగ్గా పెట్టిన మనిషి చాలా రాష్ట్రాల్లో పాసయ్యే దారిలో ఉన్నట్టే. అంటే ప్రతి పదింట్లో నాలుగు తప్పినా లాయరు కావచ్చు. ఈ మాట మొదటిసారి విన్నవాళ్లకి ఊరట కలగాలి, కానీ మనసు దాన్ని ఒప్పుకోదు. చిన్నప్పటినుంచీ 90కి తగ్గితే తప్పు చేసినట్టు పెరిగిన మనిషికి తెర మీద 58 కనబడితే గుండె జారిపోతుంది. ఆ 58 పాస్ గీతకి ఆనుకుని ఉన్నదన్న సంగతి తెలిసి కూడా జారిపోతుంది. పైగా కోచింగ్ కంపెనీల మాక్ బిట్లు కొన్ని అసలు పరీక్ష కన్నా కఠినంగా ఉంటాయి, జూన్ మధ్యలో వచ్చే మార్కులు జూలై చివరి మార్కులకి జోస్యం కావు. ఈ సంగతి ఎక్కడో ఒక వాక్యంలో చెప్పే ఉంటారు, కానీ రోజుకి నాలుగుసార్లు ఎర్రరంగులో కనబడే అంకె ముందు ఆ వాక్యం ఎవరికి గుర్తుంటుంది?

పాస్ గీత కూడా ఏ రాష్ట్రానిది దానిదే. యూనిఫామ్ పరీక్షకి మొత్తం 400. మిన్నెసోటా, మిస్సోరీ లాంటి చోట 260 వస్తే చాలు, న్యూయార్క్‌లో 266 కావాలి, టెక్సస్‌లో 270. కాలిఫోర్నియాది వేరే పరీక్ష, అక్కడ 1440గా ఉన్న గీతని 2020లో 1390కి దించారు. ఆ రెండింటి మధ్య మార్కులు వచ్చి అంతకుముందు తప్పినవాళ్లకి, తర్వాత పాసైనవాళ్లకి చట్టం తెలియడంలో తేడా ఏమీ లేదు. ఇది కనీస అర్హత తేల్చే పరీక్ష, ర్యాంకుల పోటీ కాదు, ఆ కనీసం ఎక్కడుందన్నది మనుషులు కూర్చుని నిర్ణయించేది. వ్యాసాల సంగతీ అంతే: దిద్దేవాళ్లు జవాబులని ఒకదాంతో ఒకటి పోల్చి మార్కులు వేస్తారు. రూలు సరిగ్గా గుర్తులేక, దగ్గరదగ్గరగా ఉండే రూలు ఒకటి రాసి వాస్తవాలకి దాన్ని క్రమంగా అన్వయించినవాళ్లకి కూడా కొన్ని మార్కులు పడతాయి. ఖాళీ వదిలినవాళ్లకే ఏమీ పడదు.

ఒక బిట్టుని దగ్గరగా చూస్తే ఈ పరీక్ష బుర్రని ఎలా అలసగొడుతుందో తెలుస్తుంది. ఉదాహరణకి ఎవిడెన్స్‌లో ఇలాంటిది: కూడలిలో లారీ ఒక కారుని గుద్దింది. దారిన పోయే మనిషి ఒకడు వెంటనే "అయ్యో, లారీ ఎర్రలైటు దాటి వచ్చేసింది!" అని అరిచాడు. కేసు నడిచేనాటికి ఆ మనిషి అదే ఊళ్లో ఉన్నాడు, కానీ అతన్ని కోర్టుకి పిలవలేదు. అతని అరుపు విన్న పక్క దుకాణదారు వచ్చి, తాను విన్నది చెప్తానంటున్నాడు. చెప్పనివ్వాలా, వద్దా? ఎ: వద్దు, అది హియర్‌సే (కోర్టు బయట ఎవరో అన్న మాటని నిజమని చూపడానికి తెచ్చే సాక్ష్యం). బి: వద్దు, అరిచిన మనిషి అందుబాటులో ఉన్నాడు కాబట్టి అతన్నే పిలవాలి. సి: చెప్పొచ్చు, ఉలికిపాటులో అన్న మాటకి మినహాయింపు ఉంది. డి: చెప్పొచ్చు, అది హియర్‌సేనే కాదు.

జవాబు సి. ఉలికిపాటు మాటల మినహాయింపు ఫెడరల్ రూల్స్ ఆఫ్ ఎవిడెన్స్‌లో 803వ రూలు కిందది. ఆ రూలు కింద ఉన్న మినహాయింపులకి, మాట అన్న మనిషి అందుబాటులో ఉన్నాడా లేడా అన్నది అక్కర్లేదు. 804 కింద ఉన్నవాటికి మాత్రం అతను అందుబాటులో లేకపోవడం తప్పనిసరి. బి పెట్టిన మనిషికి హియర్‌సే తెలుసు, మినహాయింపులున్నాయని తెలుసు, మనిషి అందుబాటులో ఉండటం అనే అంశం ఒకటుందని కూడా తెలుసు. తెలియనిది ఒక్కటే, ఆ అంశం రెండు రూళ్లలో దేనికి చెందుతుందో. నూటికి ఎనభై వంతులు తెలిసిన మనిషికి, ఏమీ తెలియక గుడ్డిగా ఎ పెట్టిన మనిషికి పడేది ఒకటే సున్నా. తప్పు జవాబులని పనిగట్టుకుని అలా తయారుచేస్తారు, సగం తెలిసినవాళ్లు వచ్చి పడేలా. అందుకే జూన్ చివర్లో, అంటే కొంత చదివాక, "ఎంత చదివితే అంత తప్పుతున్నాయి" అన్న భావన వస్తుంది. అది నిజానికి మెట్టు ఎక్కిన గుర్తు, ఇంకా ఒక మెట్టు ఉందన్నమాట.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి రావచ్చు, జూన్‌లో వచ్చింది జూలైలో ఎందుకు రాదు? మరపు ఒక కారణం. హెర్మాన్ ఎబ్బింగ్‌హౌస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించి చూపించింది ఇదే, నేర్చుకున్నది మొదటి గంటల్లో, రోజుల్లో వేగంగా జారిపోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, మళ్లీ నేర్చుకోబోతే మాత్రం మొదటిసారి కన్నా తక్కువ సమయం పడుతుంది. కాంట్రాక్ట్స్ పూర్తిచేసి అయిదు వారాలు వేరే సబ్జెక్టులు చదివాక కాంట్రాక్ట్స్ జారిపోవడం జబ్బు కాదు, బుర్ర పనిచేసే తీరే అంత.

రెండో కారణం ఎవరూ పెద్దగా చెప్పరు, కానీ టెన్షన్ విషయంలో ఇదే ముఖ్యం. జూన్‌లో బిట్లు ఒక్కో సబ్జెక్టుగా చేస్తారు. పొద్దున టార్ట్స్ వీడియో విని మధ్యాహ్నం టార్ట్స్ బిట్లు చేస్తే, జవాబు ఏ అధ్యాయంలో ఉందో ముందే తెలుసు, దాన్ని వెతకాల్సిన పని లేదు. జూలైలో అన్నీ కలిపేస్తారు. ఇప్పుడు కంచె గురించిన బిట్టు కనబడితే, ఇది టార్ట్స్‌లో ట్రెస్‌పాసా (ఇతరుల స్థలంలోకి చొరబాటు), ప్రాపర్టీలో ప్రతికూల స్వాధీనమా (ఇతరుల భూమిని ఏళ్ల తరబడి అనుభవించి హక్కు పొందడం), కాంట్రాక్ట్స్‌లో అమ్మకపు ఒప్పందమా అన్నది ముందు తేల్చుకోవాలి, ఆ తర్వాత రూలు గుర్తు తెచ్చుకోవాలి. పని రెట్టింపయింది, మార్కులు తగ్గాయి. చట్టం మీద పట్టు తగ్గలేదు, కొలిచే గజం మారింది. అసలు పరీక్ష పెట్టేది ఈ కొత్త గజంతోనే కాబట్టి, జూలైలో తగ్గిన ఆ మార్కే జూన్ మార్కు కన్నా అసలు స్థితికి దగ్గర, దానిమీద కట్టుకుంటూ పోతేనే పరీక్షనాటికి నిలబడేది ఏదైనా ఉంటుంది.

గుర్తున్నట్టు అనిపించడం కూడా ఇలాగే మోసం చేస్తుంది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు, కొందరు ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తున్నంత రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తలకిందులైంది, మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. ఇంకో సంగతి: తమకి బాగా గుర్తుంటుందని గట్టిగా నమ్మింది మళ్లీ మళ్లీ చదివినవాళ్లే. హాయిగా సాగిన చదువు తక్కువ నిలిచింది, తడబడుతూ సాగిన చదువు ఎక్కువ నిలిచింది. బార్ ప్రెపరేషన్‌లో టెన్షన్ పెరిగినప్పుడు మనిషి చేసే మొదటి పని ఏమిటంటే బిట్లు ఆపేసి అవుట్‌లైన్ (సబ్జెక్టు సారాంశపు నోట్సు) తెరిచి రంగు పెన్నుతో గీతలు గీస్తూ కూర్చోవడం. మనసు కుదుటపడుతుంది, అది నిజమే. కానీ ఆ నెమ్మది పరీక్ష మధ్యాహ్నానికి పనికిరాదు.

గంటల లెక్క మరీ చెడ్డది. పూర్తికాలం చదివేవాళ్లకి 400 నుంచి 600 గంటలు కావాలని చాలా కోచింగ్‌లు చెప్తాయి. పది వారాలకి పంచితే వారానికి 40 నుంచి 60 గంటలు. దాంతో పాటు రోజువారీ షెడ్యూలు ఇస్తారు, ఎంత శాతం పూర్తయిందో ఒక పట్టీ చూపిస్తూ ఉంటుంది, ఒక్కరోజు జ్వరం వచ్చి పడుకుంటే ఆ పట్టీ వెనకబడిందని చెప్తుంది. వెనకబడిన పనిని అందుకోవడానికి వీడియోలు రెట్టింపు వేగంతో పెట్టుకుని, తప్పు పెట్టిన బిట్లకి వివరణ చదవకుండా ముందుకి దూకేస్తారు. పైన చెప్పిన 803, 804 తేడా లాంటిది ఆ వివరణలోనే ఉంటుంది. పట్టీ నిండింది, అసలు నేర్చుకోవాల్సింది జారిపోయింది. షెడ్యూలు తయారుచేసినవాళ్లు సగటు విద్యార్థిని ఊహించుకుని రాశారు, ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు చదివే మనిషిని, పసిపిల్లని పక్కన పడుకోబెట్టుకుని చదివే తల్లిని దృష్టిలో పెట్టుకుని కాదు. వాళ్లు దాన్ని పూర్తిచేయలేకపోవడం చాలా మామూలు విషయం.

టెన్షన్ వల్ల బుర్రకి ఏమవుతుందంటే, ఒక క్షణంలో మనసులో పట్టి ఉంచుకోగలిగిన చోటు చాలా చిన్నది. నాలుగు జవాబులు, ముగ్గురు మనుషులు, రెండు తేదీలు పట్టుకోవాల్సిన ఆ చోటులో "తప్పితే ఏంటి గతి" అన్న ఆలోచన కూడా వచ్చి కూర్చుంటే మిగతావాటికి జాగా చాలదు. ప్రశ్న మూడుసార్లు చదివినా ఎక్కకపోవడం ఇందువల్లే, తెలివి తక్కువై కాదు. కొంచెం టెన్షన్ మంచిదేనని చెప్తూ యెర్క్స్, డాడ్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తల 1908 నాటి పరిశోధనని చాలామంది ఉదాహరిస్తారు. అది చిట్టెలుకల మీద చేసింది, కానీ అందులో ఒక మాట ఇక్కడ సరిగ్గా అతుకుతుంది, పని ఎంత కష్టమైతే తట్టుకోగల ఒత్తిడి అంత తక్కువ. నిద్ర సంగతి అందరికీ తెలిసిందే, పగలు నేర్చుకున్నది గట్టిపడేది నిద్రలోనే. రాత్రి రెండింటిదాకా కూర్చుని రెండు గంటలు సంపాదించాననుకున్న మనిషి, మొత్తం రోజు చదివిన దాంట్లోంచి ఎంతో కొంత పోగొట్టుకుంటున్నాడు.

ఇవన్నీ బల్ల దగ్గరి సంగతులు. బల్ల చుట్టూ ఇంకో బరువుంది. చదువు అప్పు నెత్తిమీద ఉంటుంది. ఉద్యోగం ఇస్తామన్న సంస్థ బార్ పాసవ్వాలన్న షరతు పెట్టి ఉంటుంది. వీసా మీద ఉన్నవాళ్లకి తేదీలన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఇంట్లోవాళ్లు ప్రేమతోనే అంటారు, "ఇంత చదివావు, ఇదొక లెక్కా, నీకు తప్పకుండా వస్తుంది" అని. ధైర్యం చెప్పడానికి అన్న ఆ మాటే ఎక్కువ బాధపెడుతుంది, ఎందుకంటే దాని వెనక "తప్పితే ఏం మొహం పెట్టుకుని చెప్తావు" అన్నది వినేవాళ్లకి వినిపిస్తుంది. "పరీక్ష ఎలా ఉన్నా సరే, ఇవాళ రాత్రి వంట సంగతి నేను చూసుకుంటా" అన్న మాటకి ఉన్న బలం దానికి లేదు.

తప్పడం అంత సిగ్గుపడాల్సిన పని కాదనడానికి పేర్లు చాలానే ఉన్నాయి. హిల్లరీ క్లింటన్ 1973లో వాషింగ్టన్ డీసీ బార్ పరీక్ష తప్పారు, ఆ సంగతి 2003లో ఆమె ఆత్మకథ వచ్చేదాకా బయట పెద్దగా తెలియదు. మిషెల్ ఒబామా, కమలా హారిస్ మొదటిసారి తప్పినవాళ్లే. మాజీ అధ్యక్షుడు కెనెడీ కొడుకు జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ న్యూయార్క్‌లో రెండుసార్లు తప్పితే ఆ వార్త పత్రికల మొదటి పేజీల్లో వచ్చింది, మూడోసారి, 1990లో పాసయ్యారు. అందరికన్నా ఆలోచింపజేసేది కాథ్లీన్ సలివన్ సంగతి. ఆమె స్టాన్‌ఫర్డ్ లా స్కూల్‌కి డీన్‌గా చేశారు, రాజ్యాంగ చట్టం మీద పుస్తకాలు రాశారు, అమెరికా సుప్రీంకోర్టులో వాదించారు. 2005 జూలైలో కాలిఫోర్నియా బార్ తప్పారు, తర్వాతి సారి పాసయ్యారు. చట్టం తెలియడం వేరు, ఈ పరీక్ష రాయడం తెలియడం వేరు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

టెన్షన్ హద్దు దాటినప్పుడు సాయం అడగాలి, ఇది అందరూ చెప్పేదే. కానీ లా విద్యార్థులు అడగకపోవడానికి ప్రత్యేకమైన కారణం ఒకటుంది. అమెరికాలో పరీక్ష పాసైతే సరిపోదు, నడవడిక, యోగ్యత అని ఇంకో విచారణ ఉంటుంది. ఎక్కడెక్కడ నివసించారు, ఎవరికి ఎంత బాకీ ఉన్నారు, పోలీసు కేసులున్నాయా అని పెద్ద దరఖాస్తు. దాంట్లో చాలా రాష్ట్రాలు ఏళ్లపాటు మానసిక సమస్యలకి వైద్యం చేయించుకున్నారా అని కూడా అడిగాయి. కుంగుబాటుతో ఉన్న విద్యార్థి డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ ప్రశ్నకి అవునని రాయాలి, వెళ్లకపోతే లేదని రాయొచ్చు. అంటే జబ్బు ఉండి వైద్యం చేయించుకోని మనిషికే దారి సుళువు. ఇంత తిరకాసు ప్రశ్నని న్యాయం చదివినవాళ్లే తయారుచేసి దశాబ్దాలు నడిపారంటే బాధ కలుగుతుంది. లా విద్యార్థుల మీద జరిపిన, 2016లో ప్రచురించిన ఒక పెద్ద సర్వేలో, సాయం అవసరమని తమకే అనిపించినా వెళ్లనివాళ్లు చెప్పిన ముఖ్య కారణాల్లో బార్‌లో చేర్చుకోరేమోనన్న భయం ఒకటి.

పరిస్థితి కొంత మారింది. లూయిసియానాలో జబ్బు పేరు చూసి షరతులతో లైసెన్సులు ఇస్తున్నారని అమెరికా న్యాయశాఖ పట్టుకుని, వికలాంగుల హక్కుల చట్టం కింద 2014లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టుతో ఒప్పందం చేయించింది. న్యూయార్క్ 2020లో ఆ ప్రశ్నని తీసేసింది, ఇంకా కొన్ని రాష్ట్రాలు తీసేశాయి, కొన్ని మాటలు మార్చి ప్రస్తుతం పనికి అడ్డొచ్చే స్థితి ఉందా అని మాత్రమే అడుగుతున్నాయి. కాబట్టి భయపడి ఆగిపోయే ముందు తమ రాష్ట్రం దరఖాస్తులో ఇప్పుడు ఏముందో తెరిచి చదవడం మంచిది, చాలాసార్లు అనుకున్నంత ఉండదు. లాయర్ల కోసం నడిచే సహాయ కార్యక్రమాలు ప్రతి రాష్ట్రంలోనూ ఉన్నాయి, చాలాచోట్ల విద్యార్థులకీ వర్తిస్తాయి, చెప్పిన విషయం గోప్యంగా ఉంచుతారు. వారాల తరబడి నిద్ర లేకపోవడం, తినబుద్ధి కాకపోవడం, ఊపిరాడనంత దడ, ఏడుపు ఆగకపోవడం, ఇవి చదువు పద్ధతి మార్చుకుంటే పోయేవి కావు, డాక్టరుకి చెప్పాల్సినవి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఆ రోజే చెప్పాలి, అమెరికాలో 988 నంబరుకి ఎప్పుడు చేసినా ఎవరో ఒకరు ఎత్తుతారు.

వేరే దేశాల్లో ఈ టెన్షన్‌కి వేరే రూపాలున్నాయి, అవి ఎక్కువగా ఎన్నిసార్లు రాయనిస్తారన్న దాన్నిబట్టి ఉంటాయి. ఇండియాలో 2011 నుంచి ఉన్న ఆల్ ఇండియా బార్ పరీక్ష 100 బిట్లు, నోట్సు లేని చట్టం ప్రతులు లోపలికి తీసుకెళ్లనిస్తారు, ఎన్నిసార్లయినా రాయొచ్చు, అక్కడ ఒత్తిడి వేరే చోట ఉంటుంది గానీ ఈ పరీక్ష దగ్గర తక్కువ. ఇంగ్లండ్‌లో సొలిసిటర్ పరీక్షకి మూడు అవకాశాలు. జపాన్‌లో అయిదేళ్లలో అయిదుసార్లు. దక్షిణ కొరియాలోనూ లా స్కూల్ అయ్యాక అయిదేళ్లు, అయిదుసార్లు, ఆ పైన తలుపు మూసుకుంటుంది. అక్కడ 2012లో మొదటి పరీక్షలో 87 శాతం పాసయ్యారు, తర్వాత అది 50 శాతం దగ్గరకి పడింది. అయిదుసార్లు తప్పినవాళ్లకి కొరియన్‌లో ఓతాల్జా అని పేరు కూడా పెట్టారు. అదే మాటకి అచ్చుతప్పు, జారిపోయిన అక్షరం అనే అర్థం ఉంది. పదేళ్లు చదివిన మనిషిని అచ్చుతప్పు అని పిలిచే చోట నాలుగోసారి, అయిదోసారి రాసే మనిషి మనసు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. మూసుకుపోయే తలుపు ముందు నిలబెట్టి ప్రశాంతంగా చదువుకోమంటే కుదిరే పని కాదు.

మరి ఏం చేస్తే కొంచెం తేలికవుతుంది? గుర్తులు మార్చుకోవాలి. గంటలు లెక్కపెట్టడం మానేసి, తప్పు పెట్టిన బిట్లలో ఎన్నింటికి ఎందుకు తప్పిందో ఒక్క వాక్యంలో రాసుకోగలిగారో లెక్కపెట్టుకోవాలి, రూలు తెలియకా, తెలిసీ పోల్చుకోలేకా, ప్రశ్న సరిగ్గా చదవకా. వారం తిరిగేసరికి ఆ కాగితం మీద ఒకే తప్పు నాలుగుసార్లు కనబడుతుంది, అప్పుడు భయం "నాకేమీ రాదు" నుంచి "నాకు తనఖాల ప్రాధాన్య క్రమం రావడం లేదు" దాకా చిన్నదవుతుంది. ఇది చాలా పెద్ద తేడా, రెండోదాన్ని ఒక పూటలో సరిచేయొచ్చు. కలిపిన బిట్లు జూన్ మధ్యలోనే కొద్దికొద్దిగా మొదలుపెడితే జూలైలో ఆ దెబ్బ అంత గట్టిగా తగలదు. సాయంత్రం ఆపే టైము ముందే పెట్టుకుని ఆ టైముకి నిజంగా ఆపేయాలి. కాలిఫోర్నియాలో 2018లో, పరీక్ష రాయబోయేవాళ్లకి ఆన్‌లైన్‌లో ఒక చిన్న కార్యక్రమం పెట్టి, ఈ దడ, ఈ తడబాటు అందరికీ ఉండేవే, వాటిని పనికి మళ్లించుకోవచ్చని పాతవాళ్ల మాటల్లో చెప్పించారు, దాన్ని పూర్తిచేసినవాళ్లలో పాసయ్యే అవకాశం పెరిగిందని తేలింది. పరీక్ష ముందు పది నిమిషాలు భయాలన్నీ కాగితం మీద రాస్తే మార్కులు పెరుగుతాయని 2011లో ఒక ప్రసిద్ధ ప్రయోగం చెప్పింది, 2018లో దాన్ని మళ్లీ చేసి చూస్తే అదే ఫలితం రాలేదు. రాస్తే మనసు తేలికపడేవాళ్లు రాసుకోవచ్చు, మందులా మాత్రం నమ్ముకోకూడదు.

పరీక్ష రోజుల్లో గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటే ఒకటి. ఆ 200 బిట్లలో 25 మార్కులకి లెక్కలోకి రావు, ముందు ముందు వాడటానికి పరీక్షించి చూసుకుంటున్న కొత్త బిట్లు అవి. ఏవి అన్నది ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు ఎప్పుడూ చూడని వింత ప్రశ్న ఎదురై కాళ్లూ చేతులూ ఆడనప్పుడు, అది ఆ పాతికలో ఒకటి అయ్యుండొచ్చు. ఏదో ఒకటి పెట్టి ముందుకెళ్లిపోవాలి, తప్పు జవాబుకి మార్కు కోత లేదు. భోజనం వేళ వరండాలో పొద్దుటి జవాబులు చర్చించుకునేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకపోవడం మంచిది.

తర్వాత ఎదురుచూపు. జూలై చివర రాస్తే న్యూయార్క్ ఫలితాలు అక్టోబరులో, కాలిఫోర్నియావి నవంబరులో. ఈ మధ్యలో చాలామంది ఉద్యోగంలో చేరిపోయి ఉంటారు, పని చేస్తూనే అర్ధరాత్రి లేచి ఏదో ఒక వ్యాసంలో వదిలేసిన పాయింటు గుర్తొచ్చి మళ్లీ పడుకోలేకపోతారు. ఈ మధ్య ఏళ్లలో గుర్తింపు పొందిన లా స్కూళ్లనుంచి మొదటిసారి రాసేవాళ్లలో నలుగురిలో ముగ్గురికి పైగా పాసవుతున్నారు, మళ్లీ రాసేవాళ్లలో ఆ నిష్పత్తి బాగా తక్కువ. రెండోసారి రాసేవాళ్లు మొదటిసారి చేసినట్టే అవే వీడియోలు మొదటినుంచీ వినడం దీనికి ఒక కారణం, తప్పినవాళ్లకి చాలా రాష్ట్రాలు ఏ భాగంలో ఎంత వచ్చిందో విడివిడిగా పంపిస్తాయి, బాధ కొంచెం తగ్గాక ఆ కాగితాన్నే ముందు చదవాలి. యూనిఫామ్ పరీక్ష రాసినవాళ్లు ఇంకొకటి కూడా చూసుకోవాలి. న్యూయార్క్‌లో 262 వచ్చి తప్పిన మనిషి అదే స్కోరుని, గడువు దాటకముందే, మిస్సోరీకి బదిలీ చేయించుకుని, నడవడిక విచారణ లాంటి మిగతా షరతులు పూర్తిచేస్తే అక్కడ లాయరుగా చేరొచ్చు, మళ్లీ ఒక్క బిట్టు కూడా రాయకుండా.